చేసి చూసే సైన్స్ – శనివారం రెండు పీరియడ్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమం కార్డులో నా పేరు పక్కన ‘విజ్ఞాన శాస్త్రం – నేటి విద్యార్థి’ అని వేశారు. అంత పెద్ద విషయం ఈ పదిహేను నిమిషాల్లో పట్టదు. మూడేండ్లుగా మన బడిలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో శనివారం చివరి రెండు పీరియడ్లలో ఏం చేస్తున్నామో అది చెప్తాను. సంఘాన్ని ఒకటి అడిగేది కూడా ఉంది. అది చివర్లో.

శనివారం మధ్యాహ్నం పిల్లలు తమకు నచ్చింది ఎంచుకోవచ్చని పెద్దసారు ఒక ఏర్పాటు చేశారు. ఆటలు, బొమ్మలు గీయడం, కంప్యూటరు, నాలుగోది మాది. దానికి ‘చేసి చూద్దాం’ అని పేరు పెట్టుకున్నాం. ఆటలను కాదని మా దగ్గరికి ఎవరొస్తారని మొదట అనుమానపడ్డాం. ఇరవై నాలుగు మందికే చోటు ఉంటే అంతకన్నా ఎక్కువ పేర్లు వచ్చాయి. నలుగురు చొప్పున ఆరు జట్లు. నియమం ఒక్కటే: తూచింది, కొలిచింది, చూసింది నోటుబుక్కులో రాయాలి, పుస్తకంలో ఉన్నది చూసి రాయకూడదు. ఈ రెండోది పిల్లలకు అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. మొదటి రోజుల్లో ఏ జట్టు దగ్గరికి పోయినా, “సార్, ఎంత రావాలె?” అని అడిగేవాళ్లు. “ఎంత అచ్చింది?” అని నేను అడిగేవాణ్ని. చాలాసేపు ఆ రెండు ప్రశ్నలే అటూ ఇటూ తిరిగేవి.

లఘులోలకం పాఠం సంగతి కొంచెం వివరంగా చెప్తాను. ఎందుకంటే ఈ క్లాసు ఎందుకు ఉండాలో నాకు ఆ మూడు శనివారాల్లోనే పూర్తిగా తెలిసింది. దారం, దానికి కట్టిన రాయి, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్. ఇంతకన్నా సామాను అక్కర్లేదు. దారం పొడవు ఒక మీటరు. రాయిని కొంచెం పక్కకు లాగి వదిలి, పది ఊపులకు ఎంత సమయమో చూడాలి. మీటరు పొడవు లోలకం ఒకసారి పోయి రావడానికి దాదాపు రెండు సెకన్లు పడుతుంది కాబట్టి, పది ఊపులకు ఇరవై సెకన్లు రావాలి. ఈ ముక్క నేను పిల్లలకు చెప్పలేదు. ఐదు జట్లకు ఇరవైకి కొంచెం అటూ ఇటూగా వచ్చింది. ఆరో జట్టుకు పద్దెనిమిది.

క్లాసంతా నవ్వింది. “మీ వాచీ ఖరాబైంది” అన్నారు. ఆ జట్టు అంకెను బోర్డు మీద మిగతా ఐదింటి పక్కనే రాసి ఉంచాను. ఎందుకు తక్కువొచ్చిందో తేలేదాకా దాన్ని తుడపొద్దన్నాను. ఆ నలుగురూ మళ్లీ చేశారు, పద్దెనిమిదే. ఫోను మార్చారు, పద్దెనిమిదే. బరువు ఎక్కువైతే జోరుగా ఊగుతుందని ఒకడు, నెమ్మదిగా ఊగుతుందని ఇంకొకడు వాదించుకొని పెద్ద రాయి కట్టారు. ఏమీ మారలేదు. లోలకం బరువు మీద ఆధారపడదన్న విషయం, తమ తప్పు వెతుక్కుంటూ పోయి వాళ్లే కనుక్కున్నారు. దాని కోసం నేను వేరే పాఠం చెప్పాల్సిన పని తప్పింది. గంట కొట్టారు. అంకె బోర్డు మీదే ఉండిపోయింది.

మరుసటి శనివారం పక్క జట్టులోని ఒక అమ్మాయి వాళ్ల దగ్గర నిలబడి ఊరికే వింటూ ఉంది. కాసేపటికి, “సార్, వీళ్లు రాయి ఇడిసినప్పుడే ఒకటి అంటున్నరు” అంది. అదీ విషయం. వదిలేటప్పుడే ‘ఒకటి’ అంటే, రాయి ఒకసారి పోయి వచ్చేసరికి ‘రెండు’ అవుతుంది. ‘పది’ అనేసరికి అయ్యేవి తొమ్మిది ఊపులే. తొమ్మిది రెండ్లు పద్దెనిమిది. వదిలేటప్పుడు ‘సున్నా’ అనాలి. లెక్కపెట్టిన పిల్లవాడు ఊరుకోలేదు. “మా తాత కల్లంల వడ్లు కొలిసేటప్పుడు మొదటి దానికే లాభం అంటడు, మరి అది తప్పా?” అన్నాడు. మన పెద్దవాళ్లు ఒకటికి బదులు ‘లాభం’ అని మొదలుపెట్టి, రెండు, మూడు అని కొలిచేవాళ్లు, మీకందరికీ తెలుసు. వాడి ప్రశ్నకు జవాబు వెతకడానికి ఆ పీరియడంతా పోయింది. కల్లంలో ‘లాభం’ అనేటప్పటికి ఒక కొలత నిండుగా కింద పడి ఉంటుంది. లోలకం దగ్గర ‘ఒకటి’ అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. తాతదీ తప్పు కాదు. దేన్ని లెక్కపెడుతున్నామో తెలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ముప్పై ఏండ్ల ఇంజనీరింగ్ పనిలో మీటరు రీడింగుల దగ్గర, స్తంభాల లెక్కల దగ్గర ఈ ఒక్క తేడాతో పెద్ద పెద్ద వాళ్లు వాదులాడుకోవడం చూశాను. పది స్తంభాల మధ్య తీగ ఖాళీలు తొమ్మిదే కదా.

మూడో శనివారం బడి వెనక వేపకొమ్మకు నాలుగు మీటర్ల తాడు కట్టాం. దానికి ముందే పాతిక సెంటీమీటర్లకు పది సెకన్లు, మీటరుకు ఇరవై అని బోర్డు మీద ఉంది. నాలుగు మీటర్లకు ఎంతో ముందే రాయమన్నాను. పొడవు నాలుగు రెట్లయింది కాబట్టి ఎనభై అని చాలామంది రాశారు. నలభై వచ్చింది. కొలవడం అయిపోయాక ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పిల్లవాడు బోర్డు దగ్గరికి వచ్చి పాతిక, వంద, నాలుగు వందలు అని ఒక వరుస, పది, ఇరవై, నలభై అని దాని కింద ఇంకో వరుస రాసి, “మీద నాలుగైతే కింద రెండే అయితుంది” అన్నాడు. వర్గమూలం అనే మాట వాడికి అప్పటికి రాదు. తర్వాత లెక్కల సారు ఆ మాట చెప్పినప్పుడు, అది దేనికి పేరో వాడికి తెలిసే ఉంటుంది.

పసుపు పాఠం ఇంకో రకం. మన ప్రాంతంలో పసుపు తవ్వి, ఉడికించి, ఆరబెట్టే రోజుల్లో ఊళ్లకు ఊళ్లు ఆ వాసన వస్తాయి. ఆ ఇండ్ల పిల్లలకు పసుపు సూచిక అని నేను చెప్పేదేముంది? తెల్ల అంగీ మీద పసుపు మరక సబ్బు తగిలితే ఎర్రబడుతుందని, పెండ్లిలో కాళ్లకు పెట్టే పారాణి అంటే పసుపు, సున్నమేనని వాళ్లే చెప్పారు. పసుపు పూసి ఆరబెట్టిన కాగితం ముక్కలు చేసుకొని సబ్బు నీళ్లు, చాకలి సోడా, పొయ్యి బూడిద నీళ్లు, సున్నపు తేట, చింతపండు పులుసు, మజ్జిగ, నిమ్మరసం, మంచినీళ్లు, అన్నీ ఒక్కొక్క చుక్క వేశారు. మొదటి నాలుగింటికి ఎర్రబడింది. మిగతా నాలుగింటికి పసుపు పచ్చగానే ఉంది. అప్పుడొకమ్మాయి అడిగింది: “మజ్జిగ పుల్లగుంటది, మంచినీళ్లు ఉండవు. రెండిటికీ ఒక్కటే రంగు అచ్చింది. మరి పులుపు ఎట్ల తెలుస్తది?”

పసుపు క్షారాన్ని పట్టిస్తుంది గాని, ఆమ్లానికీ మంచినీళ్లకూ తేడా చెప్పలేదు. ఏ సాధనమైనా అంతే, దానికి కనిపించేది కొంత, కనిపించనిది కొంత. ఆ ప్రశ్న వచ్చాకే బడి తోటలో మందార పూలు తెంపించాను. ప్రశ్న కన్నా ముందే మందార రసం బల్ల మీద పెట్టి ఉంటే అది ఎనిమిదింటితో పాటు తొమ్మిదో సామాను అయ్యేది. ఇప్పుడు నిమ్మరసం చుక్కకు ఎర్రగా, సోడాకు ఆకుపచ్చగా మారిన మందారాన్ని ఆ అమ్మాయి తన ప్రశ్నకు జవాబుగా చూసింది. రుచి చూసి చెప్పొచ్చు కదా అని ఒకడన్నాడు. సున్నపు తేటను, సోడాను నోట్లో పెట్టకూడదని, కంటికి తగలనీయకూడదని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. జాగ్రత్తల గురించి ఒక మాట. మా క్లాసులో గోడ కరెంటు ముట్టేది లేదు, టార్చి సెల్లులే. మంట పని ఉంటే టీచరు చేతిలోనే. బ్లేడు లేదు.

బ్లేడు మాట వచ్చింది కాబట్టి మోటరు సంగతి. టార్చి సెల్లు ఒకటి, పిన్నీసులు రెండు, చిన్న అయస్కాంతం, రాగి తీగ. పొలాల్లో మోటర్లు కాలడం మనకు ప్రతి ఎండాకాలం ఉన్నదే కదా. కోరుట్లలో ఏ వైండింగ్ షాపుకు పోయినా తీసి పడేసిన తీగ ఉంటుంది. ఎక్కువ మాడని ముక్కలు చూసి ఏరుకొచ్చాం. తీగను చుట్టగా చుట్టి, రెండు కొసలను పిన్నీసుల కండ్లలో దూర్చి, కింద అయస్కాంతం పెడితే తిరగాలి. తీగ మీద వార్నిష్ ఉంటుంది, దాన్ని ఎమరీ పేపరుతో గీకాలి. పిల్లలు రెండు కొసలనూ శుభ్రంగా, మెరిసేలా గీకారు. చుట్ట కొంచెం ఊగి ఆగిపోయింది. ఎవరిదీ తిరగలేదు. నేను చెప్పకుండా ఇంటికి పంపాను. ఆ వారం నన్ను పిల్లలు బాగానే తిట్టుకొని ఉంటారు.

తర్వాతి శనివారం ఒక పిల్లవాడు రాగానే తన చుట్టను తిప్పి చూపించాడు. వాళ్ల నాన్న మస్కట్‌లో మోటరు వైండింగ్ పని చేస్తాడు. ఈ పిల్లవాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు పోయాడట. రాత్రి వీడియో కాల్‌లో వీడు తన చుట్టను ఫోను ముందు పెట్టి చూపించాడు. “ఒక కొసను మొత్తం గీకు, రెండో కొసను సగమే గీకు, ఒక పక్కన వార్నిష్ ఉండనియ్యి” అని నాన్న చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. రెండూ మొత్తం గీకితే, సగం చుట్టు ముందుకు నెట్టిన అయస్కాంతమే మిగతా సగంలో వెనక్కి నెడుతుంది. సగం వార్నిష్ ఉంచితే ఆ వెనక్కి నెట్టే సగంలో కరెంటు ఆగుతుంది, తిరిగిన ఊపుతోనే చుట్ట అవతలికి పోతుంది. ఇంజనీరింగ్ కాలేజీలో కమ్యుటేటర్ అని మేము పరీక్షకు చదివిన దానికి ఇంతకన్నా మంచి వివరణ నేను వినలేదు. ఆ పిల్లవాడు క్లాసులో మిగతా ఐదు జట్లకూ అది నేర్పాడు. “మా బాపు చెప్పిండు” అని ప్రతి జట్టు దగ్గరా చెప్పడం మర్చిపోలేదు.

ఈ హాల్లో చాలామంది ఇండ్లలో ఒకరైనా గల్ఫ్‌లో ఉన్నారు, లేదా ఉండి వచ్చారు. ఏసీలు, పైపులు, వైరింగు, వెల్డింగు. ఎడారి దేశాల్లో మేడలు లేపిన చేతులు మన పల్లెలవి. ఆ చేతుల్లోని తెలివి మన బడి పాఠంలోకి ఎప్పుడూ రాలేదు. అట్లాగే బీడీలు. సన్నటి తీగను ఒక్క పోగు మీద ఒక్క పోగు రాకుండా వరుసగా చుట్టడంలో అమ్మాయిల జట్లే ముందుండేవి. చాట ఒళ్లో పెట్టుకొని ఆకు చుట్టే అమ్మల పక్కన కూర్చున్న వేళ్లవి. ఆ నేర్పు ఎట్లా వచ్చిందో తలచుకుంటే నాకు పూర్తిగా సంతోషం కలగదు. కాని ఆ వేళ్లు మోటరును కూడా తిప్పగలవని ఆ పిల్లలు చూడటం మంచిదే. ఒక శనివారం యూనిఫాం గుడ్డను భూతద్దం కింద పెట్టి ఒక సెంటీమీటరులో నిలువు పోగులెన్ని, అడ్డం పోగులెన్ని అని లెక్కపెట్టించాం. సిరిసిల్లలో చుట్టాలున్న పిల్లవాడు ఒకడు పడుగు ఏది, పేక ఏది అని మాకే చెప్పాడు.

ఇంత చెప్పాక మా ఉపాధ్యాయ మిత్రుల ప్రశ్నకు జవాబు చెప్పకపోతే న్యాయం కాదు. స్టాఫ్ రూంలో ఒక టీచరు సూటిగానే అడిగారు: “లోలకానికి మూడు శనివారాలు తీసుకుంటే సిలబస్ ఎప్పుడు కావాలి సార్?” నిజమే. పుస్తకంలో అది ఒక పేరా. అన్ని పాఠాలూ ఇట్లా చేయలేం. పరమాణువు లోపల ఏముందో వేపచెట్టు కింద తేలదు, పుస్తకం చదవాల్సిందే. ఏడాదికి పది పన్నెండు పాఠాలు ఇట్లా చేస్తే చాలని నా అభిప్రాయం. ఒకసారి తన అంకె కోసం తాను కొట్లాడిన పిల్లవాడు మిగతా పాఠాలను కూడా వేరేగా చదువుతాడు. దీనికి నా దగ్గర రుజువు కాగితం లేదు. ‘ఎంత రావాలె’ అని అడిగేవాళ్లు ఇప్పుడు ‘ఎందుకు అచ్చింది’ అంటున్నారు, అది టీచర్లూ విన్నారు.

ఇది మేము కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, ఇప్పుడు నర్మదాపురం అంటున్నారు, 1972లో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో ఇట్లాంటి సైన్స్ బోధన మొదలైంది. 1978లో జిల్లాలోని అన్ని మాధ్యమిక పాఠశాలలకూ పాకింది. పరీక్షకు పిల్లలు పుస్తకాలు తెచ్చుకోవచ్చు, ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. పుణేలో లారీల కంపెనీలో పనిచేసే అరవింద్ గుప్తా అనే ఇంజనీరు ఏడాది సెలవు పెట్టి ఆ కార్యక్రమంలోకి పోయి, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టించడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత జీవితమంతా అదే పని చేశాడు, 2018లో పద్మశ్రీ వచ్చింది. మన తెలుగు నేల మీదే కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వాళ్లు 1999 నుంచి ఇదే బాటలో ఉన్నారు, బండ్లలో ప్రయోగ సామాను వేసుకొని పల్లె బడులకు పోతారు. హోషంగాబాద్ కార్యక్రమం 2002లో ప్రభుత్వ నిర్ణయంతో ఆగిపోయింది. అయితే అది ముప్పై ఏండ్లు నడిచింది. బయటి నుంచి వచ్చిన పెద్ద శాస్త్రవేత్తలు శిక్షణ ఇచ్చినా, క్లాసు నడిపింది మాత్రం ఆ బడుల టీచర్లే. అందుకే అన్నేండ్లు నిలిచిందని నా నమ్మకం.

ఇక అడగాలనుకున్నది. స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలని సంఘంలో చర్చ నడుస్తోంది. గేటుకు కమాను అని కొందరు, పూర్తి హంగులతో సైన్స్ ల్యాబ్ అని కొందరు. ల్యాబ్ అంటే నాలాంటివాడు చప్పట్లు కొట్టాలి. కాని సంకోచిస్తున్నాను. కేంద్ర ప్రభుత్వం అటల్ టింకరింగ్ ల్యాబ్ కింద ఎంపికైన బడికి ఇరవై లక్షల రూపాయల దాకా ఇస్తుంది. నడిపే టీచరు, టైంటేబుల్లో పీరియడు ఉన్నచోట అవి బాగా పనిచేస్తాయి. ఆ రెండూ లేకపోతే సామాను అద్దాల బీరువాలో ఉంటుంది, తాళంచెవి ఒకరి దగ్గర ఉంటుంది, వాళ్లు బదిలీ మీద పోతారు. అట్లాంటి బీరువాలు మీరూ చూసే ఉంటారు. మా క్లాసుకు ఏడాదిలో అయిన ఖర్చు ఈ సభ ఫ్లెక్సీల ఖర్చు కన్నా తక్కువే. కమిటీ వాళ్లు ఏమీ అనుకోవద్దు.

కాబట్టి నేను అడిగేది ఇది. నిధిలో కొంత బ్యాంకులో వేసి, ఏటా వచ్చే వడ్డీని సెల్లులకు, తీగలకు, దారానికి, పగిలే గాజు సామానుకు కేటాయించండి. పగిలిందని పిల్లల దగ్గర వసూలు చేయకూడదన్నది అందులో షరతుగా ఉండాలి. పెద్దసారును వేడుకునేది, పరీక్షలు దగ్గరపడ్డాయని ఈ రెండు పీరియడ్లు తీసుకోవద్దని. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు సంచి లేని రోజులు ఉండాలని, ఆ రోజుల్లో వడ్రంగి, తోటమాలి లాంటి పనివాళ్ల దగ్గర పిల్లలు నేర్చుకోవాలని రాశారు. పై అధికారులు అడిగితే అది చూపించవచ్చు. వచ్చే జూన్ నుంచి ఉద్యోగం మీద నేను దూరం పోతున్నాను, శనివారాలు రాలేను. మన బడి సైన్స్ టీచర్లు ఇద్దరు ఈ ఏడంతా నాతో కూర్చున్నారు. దసరా తర్వాత క్లాసు వాళ్లే నడుపుతున్నారు, నేను వెనక బెంచీలో ఉంటున్నాను. కిందటి నెల వాళ్లు చేయించిన ఉప్పునీళ్ల పాఠం, కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు కలిపి అందులో విత్తన వడ్లు పోసి తాలు వేరు చేసేది, నాకు తోచనిది. పొలాస పరిశోధనా కేంద్రం పక్క ఊరి నుంచి వచ్చే టీచరుకు తోచింది.

వాళ్లకు కావాల్సింది మీ చేతులు. వైండింగ్ షాపు అన్నలు, టైలర్లు, సైకిల్ మెకానిక్‌లు, పసుపు రైతులు, మగ్గం తెలిసినవాళ్లు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఎలక్ట్రీషియన్లు ఏడాదికి ఒక్క శనివారం రండి. ఉపన్యాసం ఇవ్వాల్సిన పని లేదు. మీరు రోజూ చేసే పని పిల్లల ముందు చేయండి, వాళ్లడిగేది వినండి, తెలిస్తే చెప్పండి, తెలియకపోతే అందరూ కలిసి చూడండి. పాడైన మిక్సీ, ఆగిపోయిన గడియారం, పనిచేయని పంపు ఏదైనా ఇంట్లో ఉంటే తీసుకురండి. బాగైనవి తిరిగి ఇస్తాం. కానివి మాకు విప్పి చూడటానికి పనికొస్తాయి.

బయటికి పోయే దారిలో భోజనాల షామియానా పక్కన బల్ల మీద ఒక పుస్తకం పెట్టాం. పేరు, ఊరు, చేసే పని, ఏ శనివారం రాగలరు అని నాలుగు గడులున్నాయి. రెండో శనివారం బడికి సెలవు, అది వదిలేసి రాయండి.